మరణభయం, స్టోయిక్కులు: నేను తరచూ వినే అపోహలు

డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ప్రాచీన గ్రీకు, రోమన్ తాత్వికులైన స్టోయిక్కుల పాఠం వచ్చిన ప్రతిసారీ చావు ప్రస్తావన వస్తుంది, దాని వెనకే ఈ అపోహలూ వస్తాయి. ఫోన్‌లో నిమిషం వీడియోలు చూసి వచ్చేవాళ్ళు పెరిగాక ఇవి మరీ ఎక్కువయ్యాయి.

అపోహ: స్టోయిక్ అంటే చావు ఎదురైనా చలించని రాయి.

వాస్తవం: రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ తన ఓడ ప్రయాణం ఒకటి రాసిపెట్టాడు. ఇటలీలోని బ్రుండీసియంకు వెళ్తుంటే సముద్రంలో పెద్ద తుఫాను. జనం ఏడుపులు, పెడబొబ్బలు. ఏథెన్స్‌లో పేరున్న స్టోయిక్ గురువొకరు అదే ఓడలో ఉన్నారు. ఈయన ఎలా ఉన్నాడో చూద్దామని గెల్లియస్ అటు తిరిగాడు. ఆయన ఏడవడం లేదు, అరవడం లేదు. మొహం మాత్రం అందరిలాగే పాలిపోయింది. గాలి తగ్గాక ఇదేమిటని అడిగితే ఆ గురువు తన సంచిలోంచి స్టోయిక్ తాత్వికుడు ఎపిక్టెటస్ ప్రసంగాల ఐదో పుస్తకం తీసి ఇచ్చాడు. ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు. అందులో ఏముందో గెల్లియస్ రాయబట్టి మనకు తెలుసు: పిడుగులాంటి చప్పుడు వినపడితే జ్ఞాని మనసైనా ఒక్కసారి అదురుతుంది, మొహం పాలిపోతుంది. బుద్ధి మేలుకునేలోపే జరిగిపోయే కదలిక అది. ఆ తర్వాత, తనకు తోచిన భయానికి "అవును, ఇది నిజంగా కీడే" అని సమ్మతి ఇస్తాడా లేదా అన్న దగ్గరే జ్ఞానికీ మిగతావాళ్ళకీ తేడా.

మా నాన్నగారిని ఐసీయూలోకి తీసుకెళ్ళిన రాత్రి నా కాళ్ళు వణికాయి. గెల్లియస్‌ని చదివి ఉండకపోతే, ఇన్నేళ్ళు చెప్పిన పాఠమంతా ఏమైందని సిగ్గుపడేదాన్ని. కాసేపు కూర్చున్నాను. వణుకు తగ్గాక డాక్టరు చెప్పింది చెవికెక్కింది.

అపోహ: చావు గురించి అనుకోకూడదు, పైన తథాస్తు దేవతలుంటారు.

వాస్తవం: ఈ జంకు రోమ్‌లోనూ ఉండేది. బిడ్డను ముద్దాడేటప్పుడు "రేపు నువ్వు ఉండకపోవచ్చు" అని లోలోపల అనుకోమంటాడు ఎపిక్టెటస్. అపశకునం మాటలు కదా అంటే, ప్రకృతిలో జరిగేదాన్ని చెప్పే మాట ఏదీ అపశకునం కాదనీ, అలాగైతే కంకులు కోశారనడమూ అపశకునమే అవుతుందనీ జవాబు. రోమన్ చక్రవర్తి, స్టోయిక్ అయిన మార్కస్ ఆరీలియస్ ఈ మాటల్ని తన సొంత పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పిల్లల్లో సగానికి పైగా ఆయన బతికుండగానే పోయారు. అలాంటి తండ్రి రాసుకున్నాడని తెలిశాకే నాకు ఆ వాక్యం బరువు అర్థమైంది.

"లోలోపల" అన్న మాట మర్చిపోకండి, బిడ్డకు వినిపించమని ఎపిక్టెటస్ చెప్పలేదు. నేను దీన్ని అమ్మతో ఫోన్ మాట్లాడే ముందు చేస్తాను. చెప్పిన కబురే మళ్ళీ చెబుతున్నా విసుక్కోవడం తగ్గింది.

అపోహ: "మనం ఉన్నంతసేపు చావు లేదు, చావు వచ్చాక మనం లేము" అన్నది స్టోయిక్కులే.

వాస్తవం: కాదు. అది ఎపిక్యురస్ వాదన. స్టోయిక్కులకు ఆయనది పోటీ బడి.

అపోహ: అయినవాళ్ళు పోతే స్టోయిక్ ఏడవకూడదు.

వాస్తవం: స్నేహితుణ్ణి పోగొట్టుకున్న లూసిలియస్‌కు రోమన్ స్టోయిక్ సెనెకా రాసిన ఉత్తరం చదవండి. కళ్ళు పొడిబారనూ కూడదు, వరదలై పారనూ కూడదంటాడు. అదే ఉత్తరంలో తర్వాత, తన ప్రాణస్నేహితుడు సెరెనస్ పోయినప్పుడు తానే అదుపు తప్పి ఏడ్చానని ఒప్పుకుంటాడు. కారణమూ చెప్తాడు: సెరెనస్ వయసులో తనకన్నా చిన్నవాడు, ముందు పోతాడని ఎన్నడూ తలచలేదట. మృత్యువు వరస పాటించదన్న సంగతి ముందే తలచుకుని ఉండాల్సింది అంటాడు. నా దృష్టిలో స్టోయిక్ సాహిత్యంలో ఇంతకన్నా నిజాయితీగల పుట లేదు. మన శ్మశాన వైరాగ్యం స్నానంతో పోతుంది. సెనెకా చెప్పేది రోజూ కాస్త కాస్త చేసుకునే సాధన.

అపోహ: వాళ్ళు ఆత్మహత్యను గొప్పగా చూశారు.

వాస్తవం: కొన్ని పరిస్థితుల్లో దాన్ని అంగీకరించారు, దాచను. క్రీ.శ. 65లో సెనెకా ప్రాణం తీసుకున్నది మాత్రం చక్రవర్తి నీరో ఆజ్ఞ మీద. అదే సెనెకా వయసులో ఉండగా జబ్బుతో చిక్కి శల్యమై, చచ్చిపోదామనుకున్నాడు. ముసలి తండ్రి తట్టుకోలేడని తలచి, బతకమని తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకున్నానని రాశాడు. ఒక్కోసారి బతకడమే ధైర్యం అన్నదీ అక్కడే. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అపోహ: ఇవి చదివితే చాలు, డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: ఎపిక్టెటస్ తన బడిని వైద్యశాలతో పోల్చాడు గానీ, ఒంటికి వచ్చిన జబ్బుకు పాఠం మందని అనలేదు. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, చావుభయంతో గుండె దడ తగ్గకపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.