అసురుడు దేవుడైన చోట

మదనపల్లెలో బస్సెక్కి బెంగళూరు మారతహళ్ళిలో దిగేవాళ్ళు దారిలో ఒక ధ్వని సూత్రాన్ని దాటిపోతారు. మన పల్లె అక్కడ హళ్ళి. పాలు హాలు, పులి హులి, పూవు హూవు. ఒకటో రెండో మాటలైతే ఏదో వింత అనుకోవచ్చు. మాట మొదట్లో ఉన్న ‘ప’ వరసపెట్టి ‘హ’ అయిందంటే అది సూత్రం. అప్ప మాత్రం అక్కడా అప్పే, ఎందుకంటే ఆ ‘ప’ మాట నడుమ ఒత్తుతో ఉంది. ఎక్కడ మారుతుందో, ఎక్కడ మారదో రెండూ చెప్పగలిగినప్పుడే భాషాశాస్త్రం ఒక పోలికని నమ్ముతుంది.

ఇదే కొలతతో దేవుళ్ళ పేర్లనూ కొలవచ్చు.

ప్రాచీన ఇరాన్ మతగ్రంథం అవెస్తాను సంస్కృతం పక్కన పెట్టి చదివితే ‘స’ చాలాచోట్ల ‘హ’గా కనిపిస్తుంది. సోమ అక్కడ హఓమ, సప్త హప్త, సరస్వతి హరహ్వైతి. తకారం ముందున్న ‘స’ మాత్రం కదలదు: అస్తి అక్కడా అస్తే. ఈ లెక్కన అసుర అనే మాట అహుర కావాలి. అయింది కూడా. అహుర మజ్దా అంటే ప్రాచీన ఇరాన్ ప్రవక్త జరతుష్ట్రుడు కొలిచిన పరమదేవుడు. మరి మన ‘దేవ’? అవెస్తాలో ‘దఏవ’ అంటే పూజించకూడని దుష్టశక్తి. ఇరాన్‌లోని పర్సెపొలిస్‌లో 1935లో బయటపడిన శాసనంలో, క్రీ.పూ. 486 నుంచి 465 దాకా ఏలిన పారశీక చక్రవర్తి క్షయార్ష తాను ఒక ‘దైవదాన’ను, అంటే దైవాల నెలవును, కూల్చానని గొప్పగా చెప్పుకున్నాడు.

వినడానికి మనకి కొంచెం చివుక్కుమంటుంది గానీ, ఆ పని తెలుగూ చేసింది. దయ్యం అనే మాట పుట్టింది దైవం నుంచే. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. ఇప్పుడు ఆ పేరు చెప్పి పిల్లల్ని బెదిరిస్తున్నాం.

ఇరానీలూ మనవాళ్ళూ అన్నదమ్ముల్లా విడిపోయి ఒకరి దేవుళ్ళని ఇంకొకరు రాక్షసులు చేసుకున్నారని తేల్చేస్తే కథ బాగానే ఉంటుంది, కానీ నిజం అంత సాఫీగా లేదు. ఋగ్వేదంలో వరుణుణ్ణి అసురుడని పిలిచింది గౌరవంగానే. మిత్రుడు రెండుచోట్లా మంచివాడే. టర్కీలోని బొగజ్‌కోయ్‌లో దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు ఒప్పందంలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులు (అశ్వినీ దేవతలు) ఒకే వరసలో సాక్షులుగా నిలబడ్డారు. ఇంద్రుడి సంగతి మరీ తమాషా. అవెస్తాలో భాగమైన వెందీదాద్ అతన్ని దఏవల్లో కలిపేసింది. అతని బిరుదైన ‘వృత్రహన్’ మాత్రం వెరెథ్రగ్న అన్న పేరుతో విజయాన్నిచ్చే దేవుడిగా పూజలందుకుంది. మనిషిని గెంటేసి, అతని తలపాగాని పీటమీద పెట్టి దండం పెట్టుకున్నట్టు!

ఇరాన్ దేవతల్లో నాకు ఎక్కువ నచ్చేది అనాహిత. ఆమె నదుల తల్లి. ఆమె మీద అవెస్తాలో ఉన్న స్తోత్రం ఆమె నగలని, కిరీటాన్ని, నడికట్టుని ఒక్కొక్కటిగా వర్ణించి, బీవర్ల చర్మాలతో చేసిన వస్త్రం దగ్గరికి వస్తుంది. నీళ్ళలో బతికే జంతువు బొచ్చుని తొడుక్కున్న నదీదేవత! పట్టుచీరల దేవతలకి అలవాటుపడ్డ మనకి ఆ ఒక్క వివరంతోనే అది చలిదేశమని తెలిసిపోతుంది.

ఈ దేవుళ్ళు తెలంగాణకీ వచ్చారు, నెలల రూపంలో. నిజాం సర్కారు వాడిన ఫసలీ కేలండర్‌లో మెహర్ నెల మిత్రుడిది, ఆజుర్ నిప్పుది, ఆబాన్ నీళ్ళది. పాత సర్కారీ కాగితాల మీద తేదీ వేసిన గుమాస్తాకి తాను ఏ దేవుడి పేరు రాస్తున్నాడో తట్టి ఉండదు.

ఇక పసిఫిక్ సముద్రం. అక్కడ రాతప్రతులు లేవు, శాసనాలు లేవు, పేర్లే ఆధారం. బడిలో దిద్ది మళ్ళీ ముట్టని ‘ఙ’ అక్షరం ఇక్కడ పనికొస్తుంది. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సముద్ర దేవుడు తఙరోవ. సమోవాలో అతను తఙలోవ, తహితిలో తఅరోవ, హవాయిలో కనలోవ. హవాయి వరకు వచ్చేసరికి త ‘క’ అయింది, ఙ ‘న’ అయింది, ర ‘ల’ అయింది. ఇది ఒక్క పేరుతో ఆగలేదు. ‘తానే’ అనే దేవుడు ‘కానే’ అయ్యాడు, ‘రోఙో’ అనే దేవుడు ‘లోనో’ అయ్యాడు. దేవుళ్ళే కాదు, మనిషి అనే మాట తఙత కూడా కనక అయింది. 1769లో తహితిలో ఇంగ్లిష్ నావికుడు కుక్ ఓడెక్కిన తుపాయియా అనే పూజారి, సుమారు 4,000 కిలోమీటర్ల అవతల న్యూజిలాండ్‌లో దిగి అక్కడివాళ్ళతో మాట్లాడగలిగాడంటే కారణం ఈ దగ్గరితనమే.

ఇలాంటివి చదివినప్పుడు ఉత్సాహం హద్దు దాటే ప్రమాదముంది. మావోరీలో ‘రా’ అంటే సూర్యుడు, ఈజిప్టు సూర్యదేవుడూ ‘రా’యే. వాట్సాప్‌కి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ రెండు భాషల్లో ఇంకో పది మాటలు అదే సూత్రంతో కలవాలి కదా. కలవవు. అది కాకతాళీయం, అంతే.

పేరు నిలిచినంత గట్టిగా హోదా నిలవదు. సమోవా తఙలోవ ఆకాశంలో ఉండే సృష్టికర్త. తహితిలో తఅరోవ తన చుట్టూ ఉన్న గవ్వని పగలగొట్టుకుని బయటికొచ్చి, దాన్నే ఆకాశం చేశాడు. మావోరీల తఙరోవ నేలా నింగీ కన్న బిడ్డల్లో ఒకడు, సముద్రానికి అధిపతి. హవాయిలో కానేకి తోడుగా తిరుగుతూ నీటి ఊటలు పుట్టించినవాడు. క్రైస్తవం వచ్చాక 19వ శతాబ్దపు కొన్ని రాతల్లో ఆ కనలోవ సైతాన్ పక్కకి చేరాడు, అచ్చం మన దయ్యంలాగే.

హవాయిలో కహోఒలవె అనే చిన్న దీవికి పాతపేరు కనలోవ. 1941 నుంచి 1990 దాకా అమెరికా సైన్యం బాంబుల సాధనకి వాడుకుంది దాన్ని. ఇప్పుడక్కడ కాపురాలు లేవు. హవాయి మూలవాసులు మాత్రం మకహికి పండగకి పడవల్లో వెళ్ళి లోనోకి నైవేద్యాలు పెట్టి వస్తుంటారు. వేల కిలోమీటర్ల దక్షిణాన మావోరీలు రోఙో అని పిలుచుకునే దేవుడే ఆయన.