షేర్డ్ డేటాబేస్ హ్యాంగయినప్పుడు: అపోహలు - వాస్తవాలు

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసుకున్న బిల్లింగ్, స్టాక్, పేషెంట్ల రికార్డుల డేటాబేస్‌లు మన చిన్న ఆఫీసుల్లో ఇంకా బోలెడు నడుస్తున్నాయి. ఒక కంప్యూటర్లో ఫైలు పెడతారు, ఆ ఫోల్డర్‌ను షేర్ చేస్తారు, ఎనిమిది పది మంది దాని మీదే పని కానిచ్చేస్తారు. నడిచినన్నాళ్లూ దాని ఊసే ఎవరూ ఎత్తరు. కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగా బిల్లు సేవ్ కాకపోతే మాత్రం ఆఫీసంతా ఆగిపోతుంది, తలా ఒక ఉపాయం చెబుతారు. ఆ ఉపాయాల్లో చాలావాటితో అసలు కారణం తాలూకు ఆనవాళ్లు చెరిగిపోతాయి. కొన్నిటితో డేటాయే పోతుంది. నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి, ఎక్కువగా వినబడేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: డేటాబేస్‌ను నడిపేది సర్వర్. హ్యాంగయితే సర్వర్ రీస్టార్ట్ చేస్తే సరి.

వాస్తవం: యాక్సెస్ వాడేచోట సర్వర్, అంటే ఫైలున్న కంప్యూటర్, పని ఫైలును అందించడం వరకే. ఏ రికార్డును ఎవరు దిద్దుతున్నారో దానికి తెలియదు. ప్రతి కంప్యూటర్లో ఉన్న యాక్సెస్ ఇంజినే నెట్‌వర్క్ మీదుగా వచ్చి, ఆ ఫైలు లోపలి పేజీలను నేరుగా చదువుతుంది, నేరుగా రాస్తుంది. పేజీ అంటే 4 కేబీ ముక్క. పది మంది పని చేస్తుంటే పది ఇంజిన్లు ఒకే ఫైలులో రాస్తున్నాయన్నమాట. ఒకరి రాత మీద ఇంకొకరు రాయకుండా ఆపేది లాక్ ఒక్కటే. కాబట్టి అంతా ఆగిపోయిన ఆ నిమిషంలో తేల్చుకోవాల్సింది ఇది: లాక్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది, వాళ్లు ఎందుకు వదలడం లేదు? సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఈ రెండింటికీ జవాబు దొరకదు. పైగా సగం రాసిన పేజీ సగంలోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది. పెద్ద డేటాబేస్ సర్వర్లలో ఉండే లావాదేవీల లాగ్, అంటే ప్రతి మార్పునూ రాసిపెట్టుకునే చిట్టా, యాక్సెస్‌లో లేదు. తెగిన రాతను వెనక్కి తిప్పి సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు.

అపోహ: లాక్ ఫైలు డిలీట్ చేస్తే లాక్ పోతుంది.

వాస్తవం: ఈ నమ్మకం చేసినంత నష్టం నేను ఇంకెందులోనూ చూడలేదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డేటాబేస్‌ను మొదటివాళ్లు తెరవగానే, దాని పక్కనే అదే పేరుతో ఒక చిన్న ఫైలు పుడుతుంది. పాత ఎండీబీ ఫైళ్లకైతే ఎల్‌డీబీ, 2007 తర్వాతి ఏసీసీడీబీ ఫైళ్లకైతే ఎల్‌ఏసీసీడీబీ. ఆఖరివాళ్లు మూసేయగానే అది మాయమవుతుంది. లోపల ఒక్కొక్కరికి 64 బైట్ల గడి ఉంటుంది. అందులో 32 బైట్లు కంప్యూటర్ పేరుకు, 32 బైట్లు యూజర్ పేరుకు. యూజర్ పేరు దగ్గర దాదాపు అందరికీ ‘అడ్మిన్’ అనే ఉంటుంది కాబట్టి అది పనికిరాదు, చూడాల్సింది కంప్యూటర్ పేరే.

దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కనబడిన పేరు పట్టుకుని ఆ సీటు మీదికి వెళ్లిపోతుంటారు. పాపం వాళ్లు ఎప్పుడో డేటాబేస్ మూసేసి ఉంటారు. బయటికి వెళ్లినవారి పేరును యాక్సెస్ చెరపదు, ఆ గడిని తర్వాత వచ్చినవారికి ఇచ్చేవరకు పాత పేరు అలాగే ఉండిపోతుంది. కాబట్టి అక్కడ పేరుందంటే ఆ లాక్ ఫైలు పుట్టాక ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వచ్చారని మాత్రమే అర్థం. ఇప్పుడు నిజంగా ఎవరున్నారో తెలియాలంటే, ఫైలున్న కంప్యూటర్లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడాలి. ఏ యూజర్ ఏ ఫైలును పట్టుకుని ఉన్నారో అక్కడ వరుసగా కనిపిస్తుంది. పక్కనే ఉండే సెషన్స్ చూస్తే ఆ యూజర్ ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో తెలుస్తుంది.

ఎవరైనా లోపల ఉన్నంతసేపు విండోస్ ఆ లాక్ ఫైలును డిలీట్ చేయనివ్వదు, మంచిదే. కానీ కొన్ని నాస్ పెట్టెలు (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ) చేయనిస్తాయి. అప్పుడు లోపల ఉన్నవాళ్లది పాత లాక్ ఫైలు, కొత్తగా వచ్చినవాళ్లది ఇంకో లాక్ ఫైలు. ఇద్దరూ ఒకే పేజీలో రాస్తారు. ఫైలు పాడవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అందరూ బయటికి వచ్చారని ఓపెన్ ఫైల్స్‌లో చూసి నిర్ధారించుకున్నాక కూడా మిగిలిపోయిన లాక్ ఫైలునైతే తీసేయవచ్చు.

అపోహ: ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు ఎవరికీ తెరుచుకోదు. కచ్చితంగా నెట్‌వర్క్ సమస్యే.

వాస్తవం: ఆ రోజు ముందుగా ఎవరు తెరిచారో కనుక్కోండి. లాక్ ఫైలు పుట్టాలంటే, తెరిచేవారికి ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టే హక్కు, తీసేసే హక్కు ఉండాలి. చాలాచోట్ల డేటాబేస్ ఫైలు ఒక్కదానికే హక్కులిచ్చి, ఫోల్డర్‌ను ‘చదవడానికి మాత్రమే’ అని వదిలేస్తారు. అలాంటి లాగిన్ ఉన్నవారు పొద్దున్నే ముందుగా తెరిస్తే లాక్ ఫైలు పుట్టదు. డేటాబేస్ ఆ ఒక్కరికే తెరుచుకుంటుంది. తర్వాత వచ్చిన అందరికీ ఫైలు వాడుకలో ఉందనే సందేశమే వస్తుంది. పూర్తి హక్కులున్న అకౌంటెంట్ గారు ముందుగా వచ్చిన రోజున ఏ గొడవా ఉండదు. కేబుళ్లు మార్చేముందు హాజరు పట్టీ చూడమని నేను చెప్పేది ఇందుకే. మందు కూడా తేలికే: వాడేవాళ్లందరికీ ఆ ఫోల్డర్ మొత్తం మీద రెండుచోట్లా హక్కు ఇవ్వాలి, షేర్ పర్మిషన్లలో చేంజ్, సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై.

అపోహ: యాక్సెస్‌లోని కంపాక్ట్ అండ్ రిపేర్ కొడితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: చెత్త పేరుకున్న ఫైలును అది చిన్నది చేస్తుంది, ఇండెక్సులను తిరిగి కడుతుంది. 2 జీబీ హద్దుకు దగ్గరపడుతున్న ఫైలుకు అది అవసరమే. లాక్ ఎవరో పట్టుకుని కూర్చుంటే మాత్రం అది మొదలే కాదు, ఎందుకంటే దానికి ఫైలు పూర్తిగా తన చేతిలో ఉండాలి. చేయదలిస్తే సాయంత్రం అందరూ వెళ్లాక, ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టి, ఫైలున్న కంప్యూటర్ మీదే చేయండి. నెట్‌వర్క్ మీదుగా వద్దు.

అపోహ: ప్రతి సిస్టమ్‌కీ యూపీఎస్ ఉంది, కరెంటు పోయినా ఏమీ కాదు.

వాస్తవం: సిస్టమ్‌లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు ఉందా? టేబుల్ కిందో, మెట్ల దగ్గర గోడకో బిగించిన ఎనిమిది పోర్టుల స్విచ్‌ను మామూలు ప్లగ్‌లో పెట్టి ఉండటం ఎన్ని ఆఫీసుల్లో చూశానో. కరెంటు పోగానే సిస్టమ్‌లన్నీ వెలుగుతూనే ఉంటాయి, స్విచ్ మాత్రం ఆరిపోతుంది. జనరేటర్ అందుకునేలోపు ప్రతి ఇంజిన్‌కూ ఫైలుతో బంధం తెగిపోతుంది. అప్పుడు వచ్చేది 3043 ఎర్రర్, డిస్క్ లేదా నెట్‌వర్క్ తప్పిదం అని. తెరల మీద ఫారాలు అలాగే కనిపిస్తాయి కాబట్టి సిబ్బంది టైపు చేస్తూనే ఉంటారు, ఆ రాతలేవీ చేరవు. పెద్ద ఖర్చేమీ లేదు, స్విచ్ ప్లగ్‌ను యూపీఎస్ లైనులోకి మార్చండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లినా, వైఫై ఒక్క క్షణం తెగినా జరిగేది ఇదే. షేర్డ్ యాక్సెస్ ఫైలును వైఫై మీద, వీపీఎన్ మీద నడపవద్దు.

అపోహ: ఇద్దరు ఒకే రికార్డు తెరిస్తేనే గొడవ, చూసుకుని తెరిస్తే చాలు.

వాస్తవం: తెరవడంతో పెద్దగా ఇబ్బంది లేదు. దిద్దడం మొదలుపెట్టి సేవ్ చేయకుండా వదిలేయడమే ఇబ్బంది. ఫారంలో ఎడమ అంచున పెన్సిల్ గుర్తు కనబడుతోందంటే ఆ రికార్డు ఇంకా సేవ్ కాలేదని అర్థం. ఫారం సెట్టింగుల్లోని రికార్డ్ లాక్స్‌లో ‘ఎడిటెడ్ రికార్డ్’ పెట్టుకున్నచోట, ఒకరు పేరులో ఒక అక్షరం దిద్ది భోజనానికి లేచి వెళ్తే, వచ్చేదాకా ఆ రికార్డు మిగతావాళ్లకు మూసుకుపోయినట్టే. ‘నో లాక్స్’ పెట్టుకున్నచోట సేవ్ చేసే క్షణంలోనే లాక్ పడుతుంది. మూడో మార్గం ‘ఆల్ రికార్డ్స్’, అది పెడితే మొత్తం పట్టికే బిగుసుకుంటుంది. పది మంది పనిచేసేచోట దానితో పనే లేదు.

నేను నో లాక్స్‌నే పెడతాను. అయితే దాంట్లో ఒక డబ్బా వస్తుంది, రైట్ కాన్‌ఫ్లిక్ట్ అని. మీరు దిద్దుతుండగా ఇంకొకరు అదే రికార్డును మార్చేశారని చెప్పి మూడు బటన్లు చూపిస్తుంది. చదవకుండా ‘సేవ్ రికార్డ్’ నొక్కితే అవతలివారి మార్పు చెరిగిపోతుంది. అది తెలియక సిబ్బంది అందరూ ఆ బటనే నొక్కుతారు. ‘డ్రాప్ చేంజెస్’ నొక్కి, కొత్త విలువలు చూసుకుని మళ్లీ దిద్దడం నేర్పించాలి. ఈ ఒక్క సంగతికి సిబ్బందిని కూర్చోబెట్టి గంట మాట్లాడినా దండగ కాదు.

నెలాఖరులో ధరలన్నీ ఒకేసారి మార్చే పెద్ద అప్‌డేట్ క్వెరీ మరో రకం. 3052 ఎర్రర్ వచ్చిందంటే ఆ కంప్యూటర్లో ఒక్కో ఫైలుకున్న 9,500 లాకుల హద్దు దాటిందని. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ సంఖ్య పెంచితే క్వెరీ పూర్తవుతుంది కానీ మిగతావాళ్ల ఎదురుచూపు తగ్గదు. అలాంటి పనిని కౌంటర్ మూశాక పెట్టుకోండి.

అపోహ: 255 మంది దాకా వాడొచ్చని రాసి ఉంది, మేము ఇరవై మందిమేగా.

వాస్తవం: 255 అనేది యాక్సెస్ హద్దు. ఫైలున్నది మామూలు విండోస్ 10 లేదా 11 సిస్టమ్ అయితే, బయటి నుంచి 20 కనెక్షన్లనే ఒప్పుకుంటుంది, అంటే ఇరవై మందితోనే ఆ హద్దుకు చేరిపోయినట్టే.

అపోహ: అందరూ ఒకే ఫైలు తెరిస్తే మార్పులు చేయడం సులువు.

వాస్తవం: ఫారాలు, రిపోర్టులు ఉన్న ఫ్రంట్ ఎండ్ ప్రతి సిస్టమ్‌లో విడిగా ఉండాలి, పట్టికలున్న బ్యాక్ ఎండ్ ఒక్కటే షేర్‌లో ఉండాలి. దీనికి బేరం లేదు. విడగొట్టాక మందకొడిగా అనిపిస్తే, బ్యాక్ ఎండ్‌లోని ఒక చిన్న పట్టికకు కట్టిన ఫారాన్ని కనబడకుండా తెరిచి ఉంచండి. లాక్ ఫైలు మాటిమాటికీ పుట్టి చావడం ఆగుతుంది, తేడా వెంటనే తెలుస్తుంది. ఇక బ్యాక్ ఎండ్‌ను వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టడం అసలు షేరింగే కాదు, ఒక్కొక్కరు ఒక్కో కాపీలో రాసుకోవడం.

అపోహ: ఏమీ మార్చకుండానే ఫైలు పాడైందంటే అది పాతబడిపోయినట్టే.

వాస్తవం: 2018లో విండోస్ 10 వెర్షన్ 1803 వచ్చాక, నిక్షేపంగా ఉన్న ఫైళ్లకు కూడా ‘డేటాబేస్ అస్థిర స్థితిలో ఉంది’ అనే సందేశం రావడం మొదలైంది. ఫైలు షేరింగ్‌లోని లీజింగ్ అనే ఏర్పాటు దానికి మూలం. ఫైలున్న కంప్యూటర్ రిజిస్ట్రీలో, లాన్‌మ్యాన్ సర్వర్ పారామీటర్ల కింద డిసేబుల్ లీజింగ్‌ను 1 చేయమని మైక్రోసాఫ్టే చెప్పింది. దానితో మిగతా షేర్డ్ ఫైళ్లు కాస్త నెమ్మదిస్తాయి, అది ముందే చెప్పి చేయండి.

అపోహ: మైక్రోసాఫ్ట్ వారి పెద్ద డేటాబేస్ సర్వర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మారితే లాకుల బాధే ఉండదు.

వాస్తవం: మారమనే నేనూ చెబుతాను. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం, 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ వరకు చోటుంది, కరెంటు పోయినా లాగ్ నుంచి కోలుకుంటుంది. లాకులు మాత్రం అక్కడా ఉంటాయి. తేడా ఏమిటంటే, ఎవరు ఎవరిని ఆపుతున్నారో ఎస్‌పీ హూ2 అని ఒక్క ఆదేశమిస్తే కనబడుతుంది. దాని బ్లాక్డ్ బై గడిలో ఉన్న నంబరే మీరు వెతికే సెషన్. ఫారాలు యాక్సెస్‌వే ఉంచుకుంటే ముందుగా పెద్ద కాంబో బాక్సులను, అంటే కిందికి తెరుచుకునే జాబితాలను చూడండి. వేల పేర్లున్న కస్టమర్ల జాబితాలో యాక్సెస్ మొదటి కొన్ని వరుసలు తెచ్చుకుని ఆగుతుంది. మిగతావి తెచ్చుకునేదాకా ఆ పట్టిక మీద చదివే లాక్ వదలకపోవచ్చు. ఒకరు ఊరికే తెరిచి ఉంచిన ఫారం వల్ల ఇంకొకరి బిల్లు సేవ్ కాదు. మూడు అక్షరాలు టైపు చేశాకే జాబితా వచ్చేలా మార్చండి, లేదా ఫారం తెరవగానే ఆఖరి వరుస దాకా చదివించేయండి.