రోహిణి కార్తెలో జెర్మేనియం

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం కొట్టు మీద రేకుల గది ఉంది. ఆదివారం పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి అయిదారుగురం అక్కడికి చేరతాం. పేరుకు గిటారు వాయించడానికే. నిజం చెప్పాలంటే మాలో సగం మందికి గిటారు కంటే, దానికీ ఆంప్లిఫయర్‌కీ మధ్య నేల మీద పరిచే పెడల్ డబ్బాల మీదే మోజు. సబ్బుపెట్టె సైజు నుంచి ఇటుక సైజు దాకా ఉంటాయి. కాలితో నొక్కితే టక్కున స్విచ్ పడి గిటారు గొంతు మారిపోతుంది. ఒకటి బొంగురు చేస్తుంది, ఒకటి ప్రతిధ్వని తెస్తుంది, ఇంకోటి పసిబిడ్డలా ‘వా’ అని ఏడుస్తుంది.

మే నెలాఖరులో ఒక ఆదివారం మా గుంపులో పెద్దాయన తన ఫజ్ పెడల్ పట్టుకొచ్చాడు, అంటే గొంతు బొంగురు చేసే రకం. సొంతంగా టంకం పెట్టి చేసుకున్నది. లోపల కరెంటును పెంచే ట్రాన్సిస్టర్లు రెండే, రెండూ జెర్మేనియం అనే మూలకంతో చేసిన పాతకాలపువి. సంక్రాంతి సెలవుల్లో అదే పెడల్ విన్నాం. ఒక్క స్వరం మీటి వదిలేస్తే ముద్దగా, నిండుగా పలుకుతూనే ఉండింది. ఇప్పుడు తొమ్మిదింటికి బాగానే మొదలైంది. పదకొండు దాటి రేకులు కాగేసరికి మీటిన స్వరం అర సెకనుకే తెగిపోవడం మొదలుపెట్టింది. తెగేటప్పుడు గుడ్డ చించినట్టు ఒక చప్పుడు.

“ఏందన్నా, దీనికి గొంతు పట్టేసినట్టుండాదే?” అన్నాడు ఇంజనీరింగ్ చదివే కుర్రాడు.

వైరు మార్చాం. జాక్ మార్చాం. కొత్త బ్యాటరీ వేశాం. ఏం చేసినా అంతే. జబ్బు డబ్బాలో కాదు, నెత్తిమీద రేకుల్లో ఉందని అర్థమవడానికి ఇంకో గంట పట్టింది.

ముందు గిటారు సంగతి. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అనే ముక్క ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక మందం రాగితీగ, వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదిలి చుట్టలో వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇది, మన సైకిల్ డైనమో తిరిగిందీ దీనితోనే. కాకపోతే పికప్‌లో పుట్టేది మహా చిన్నది, ఒక వోల్టులో పదో వంతు అటూ ఇటూ. పెంచితే గానీ స్పీకరు కదలదు.

పెంచడానికి ఒక హద్దుంది. 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే సర్క్యూట్లో అల 9 వోల్టుల పరిధి దాటి ఊగలేదు. గుండ్రంగా లేచి గుండ్రంగా దిగే అలను బలవంతాన పెంచితే పైన తల, కింద కాళ్లు తెగి చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మన ఊళ్లలో దీన్ని వినని చెవి ఉండదు. తిరునాళ్లలో చింతచెట్టుకు కట్టిన హారన్‌లో, మైకు సెట్టాయన వాల్యూమ్ చివరికంటా తిప్పేస్తే వచ్చే గరగర ఇదే. ఆయన తెలియక చేసే పనిని మా వాళ్లు డబ్బులు పోసి చేయించుకుంటారు, అంతే తేడా.

అల చదునైతే గొంతెందుకు మారాలి? 110 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు 110 సార్లు ఊగే శుద్ధమైన అల తీసుకోండి. దాన్ని పైనా కిందా సమంగా కోస్తే అందులో అంతకుముందు లేని 330, 550, 770 హెర్ట్జ్‌లు పుడతాయి, అంటే బేసి రెట్లు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కోస్తే 220, 440 లాంటి సరి రెట్లు కూడా వచ్చి చేరతాయి. 220 అంటే అదే స్వరం పై స్థాయిలో పలకడం కాబట్టి చెవికి ఇంపుగా ఉంటుంది. జెర్మేనియం ఫజ్ కోత ఈ సమం కాని రకం. పైగా మీటిన తీగ మెల్లగా నీరసపడుతున్నా, కోసిన అల ఎత్తు అంతే ఉంటుంది గనక స్వరం తగ్గినట్టు తెలియదు. నాదస్వరంలా ఆగకుండా పలుకుతుంది. నాదస్వరంలోని ఆ ఘాటుకు కూడా పై రెట్లు బలంగా ఉండటమే కారణం, కాకపోతే అక్కడ ఆ పని చేసేది నోట పెట్టి ఊదే పీక.

ఈ ఫజ్ పుట్టిందే ఒక రిపేరులోంచి. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో గాయకుడు మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటారు వెళ్లే మిక్సింగ్ బోర్డులో ఒక భాగం చెడిపోయి బొంగురు ధ్వని వచ్చింది. బాగు చేయకుండా అలాగే ఉంచేశారు. 1961లో విడుదలైన పాట హిట్టయింది. అందరూ ఆ చప్పుడు కావాలని అడుగుతుంటే, రికార్డింగ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లతో దానికి నకలు తయారు చేయించాడు. అదే 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో బజారులోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు బ్యాండు దాన్ని వాడాక గిరాకీ పెరిగింది. మా పెద్దాయన చేసుకున్నది 1966లో లండన్లో వచ్చిన ఫజ్ ఫేస్‌కు నకలు. పేరుమోసిన గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తొక్కింది ఆ రకాన్నే. అసలుది గుండ్రంగా పెద్ద పెసరట్టంత ఉంటుంది. ఈయనది మాత్రం స్టీలు టిఫిను డబ్బాలో ఉంది.

ఇక జెర్మేనియం. మెండలీవ్ 1871లో తన పట్టికలో సిలికాన్ కింద ఒక గడి ఖాళీగా ఉంచి, అక్కడ ఇలాంటి మూలకం దొరికి తీరుతుందని చెప్పి దానికి ‘ఏకసిలికాన్’ అని పేరు పెట్టాడు. ఆ ‘ఏక’ మన ఏకాదశిలోని ఏకే, సంస్కృతం నుంచి తీసుకున్నాడు. 1886లో వింక్లర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తకు అది దొరికింది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొదటి ట్రాన్సిస్టర్ కూడా జెర్మేనియం ముక్క మీదే. అప్పట్లో దాన్ని శుద్ధి చేయడం తేలిక. జెర్మేనియం 938 డిగ్రీలకే కరుగుతుంది, సిలికాన్‌కు 1414 కావాలి.

దాని గుణమూ దోషమూ ఒకటే. స్ఫటికంలో ఎలక్ట్రాన్లు పరమాణువుల మధ్య కట్టుబడి ఉంటాయి. కట్టు తెంచుకుని బయటపడాలంటే కొంత శక్తి కావాలి. సిలికాన్‌లో దాదాపు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియంలో 0.67. చెరువు గట్టనుకోండి. సిలికాన్ గట్టు ఎత్తు, చిన్నాచితకా అలలకు నీళ్లు దాటవు. జెర్మేనియం గట్టు పొట్టిది, గాలి విసిరితే చాలు అక్కడా ఇక్కడా పొర్లుతుంది. ఇక్కడ గాలంటే వేడి. మామూలు గది వేడిలోనే సిలికాన్‌తో పోలిస్తే జెర్మేనియంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వెయ్యి రెట్లకు పైగా ఉంటాయి. ఇవి పిలవకుండా వచ్చిన కరెంటు, లీకేజీ. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకూ ఈ లీకేజీ రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎంతుందో 45 దగ్గర దానికి నాలుగింతలు. ట్రాన్సిస్టర్ పని పెంచడం కాబట్టి, దొంగదారిన వచ్చిన ఈ కరెంటునూ పెంచిపెడుతుంది.

దానివల్ల చెడేది విశ్రాంతి స్థానం. గిటారు ఊరుకున్నప్పుడు రెండో ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్ అనే కాలు దగ్గర వోల్టేజీ బ్యాటరీలో సగం, 4.5 వోల్టుల దగ్గర నిలవాలి. ఉయ్యాల నిలబడి ఉన్నట్టు. అప్పుడే అటూ ఇటూ సమానంగా ఊగడానికి చోటుంటుంది. లీకేజీ పెరిగితే ఆ ఉయ్యాల గోడ పక్కకు జరిగిపోతుంది. తీగ గట్టిగా మీటిన మొదటి క్షణంలో పెద్ద అల ఎలాగో బయటపడుతుంది. నీరసపడ్డాక వచ్చే చిన్న అలలకు దారి ఉండదు. అందుకే అర సెకను పలికి చటుక్కున తెగడం.

కుర్రాడు డబ్బా విప్పి ఆ కాలు దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటరు పుల్లలు పెట్టాడు. అంకె ఉండాల్సిన చోట లేదు. ట్రాన్సిస్టర్ వేడెక్కితే అంకె ఇంకా జారుతుందని చూపించడానికి, ఆ చిన్న లోహపు టోపీని బొటనవేలితో చూపుడువేలితో పట్టుకున్నాడు. జనవరిలో ఇలా చేసినప్పుడు అంకె పాడైన సంగతి అందరికీ గుర్తే. ఈసారి బాగుపడింది! మెల్లగా సగం వైపు నడవసాగింది. పెద్దాయన తీగ మీటితే స్వరం ముందుకన్నా కాస్త పొడుగ్గా పలికింది. కుర్రాడు తెల్లమొహం వేశాడు.

మా రొయ్యల అన్న దగ్గర గుంట నీళ్లు చూసే థర్మామీటరు ఉంటుంది. గాల్లో పెడితే 43. మనిషి వేళ్ల చర్మం 35 డిగ్రీలకు అటూ ఇటూ. సంక్రాంతికి ట్రాన్సిస్టర్‌ను కాచిన వేళ్లే రోహిణి కార్తెలో చల్లబరుస్తున్నాయన్నమాట. నెల్లూరు ఎండ గురించి ఇంతకు మించిన కొలత నేను చూడలేదు.

“అయితే పట్టుకోనుండు, నేను వాయిస్తా” అన్నాడు పెద్దాయన. రెండు నిమిషాలకే కుర్రాడి నడుం పట్టేసింది.

ఇంత గోల ఉన్నప్పుడు సిలికాన్ ఫజ్ కొనుక్కోవచ్చు కదా అంటారు. ఉంది, మా దగ్గరా ఒకటుంది. ఎండకూ వానకూ ఒకే మాట మీద నిలబడుతుంది. కానీ గిటారు మీది వాల్యూమ్ పిడిని కాస్త తగ్గించినప్పుడు జెర్మేనియం మెత్తబడే తీరు దానికి రాదని పెద్దాయన వాదన. నాకూ అలాగే వినిపిస్తుంది, అయితే కళ్లకు గంతలు కట్టి పరీక్ష పెడితే నిలబడతానని పూచీ ఇవ్వను. మరో తలనొప్పి: ఈ పెడల్‌లోని ట్రాన్సిస్టర్లు పీఎన్‌పీ రకం, బ్యాటరీ ప్లస్సు డబ్బాకు కలిసి ఉంటుంది. మిగతా పెడల్స్ అన్నిటికీ మైనస్సు. అందరినీ ఒకే అడాప్టర్ వైరుకు తగిలిస్తే ప్లస్సూ మైనస్సూ కలిసి షార్టవుతుంది. పోయినేడు ఆ వాసన చూశాం కాబట్టి ఈయనది ఎప్పుడూ విడి బ్యాటరీయే.

వేడికి చలించని భాగాలూ లేకపోలేదు. గూడూరు పక్క గనుల్లో తవ్విన అభ్రకం పేరు ఈ జిల్లాలో వినని వాళ్లుండరు. పలుచటి అభ్రకపు రేకుల మధ్య విద్యుత్తు నిలవ చేసే కెపాసిటర్లు పాత రేడియోల్లో ఉండేవి, ఇప్పుడూ కొన్ని పెడల్స్‌లో వేస్తారు. వేడి ఎంత మారినా వాటి విలువ దాదాపు కదలదు. మన జిల్లా రాయి ఎండకు తట్టుకుంటుంది, ఎక్కడిదో జెర్మేనియం తట్టుకోలేదు.

చల్లబరిచే ఉపాయం ఆలోచించేలోగా మిగతావాళ్లు ఊరుకోలేదు. కుర్రాడి డిలే పెడల్‌లో, అంటే ప్రతిధ్వని తెచ్చే రకంలో, 4096 మెట్ల చిప్ ఉంది. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు చేసిన ఆలోచన అది. పాలెంలో ఇల్లంటుకుంటే బావి దగ్గర్నుంచి మంట దాకా జనం వరసగా నిలబడి బిందెలు అందించుకుంటారే, అచ్చం అలా ధ్వని కూడా విద్యుత్తు బిందెల్లో ఒక కెపాసిటర్ నుంచి పక్కదానికి చేతులు మారుతుంది. సెకనుకు 10 వేల టిక్కులతో నడిపితే చివరికి చేరడానికి 0.2 సెకను. అంటే 34 మీటర్ల దూరంలో గోడ ఉన్నట్టు ప్రతిధ్వని, గది చూస్తే 4 మీటర్లు లేదు. టిక్కుల చప్పుడు వినబడకుండా పై స్వరాలను వడకడతారు గనక తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త మసకబారుతుంది.

చిన్నప్పుడు వీణ నేర్చుకున్న ఒకాయనకు వేరే సందేహం. ఫజ్ వేశాక రెండు తీగలే ఎందుకు బాగుంటాయి, మూడో స్వరం కలిపితే బురదెందుకవుతుంది? ఇది మంచి ప్రశ్న. క్లిప్పింగ్ ఒక్కో స్వరానికి రెట్లు పుట్టించడమే కాదు, రెండు స్వరాలు కలిసి వస్తే వాటి కూడికనూ తేడానూ కూడా పుట్టిస్తుంది. షడ్జం 110, పంచమం 165 అనుకుంటే తేడా 55. అది కింది స్థాయి షడ్జమే! తంబురా తీగ ఒకటి ఊరికే వచ్చి కూర్చున్నట్టు. అంతర గాంధారం శుద్ధంగా అయితే 137.5, తేడా 27.5, అదీ షడ్జమే. కానీ గిటారు మెట్లు సప్తకాన్ని 12 సమానమైన మెట్లుగా పంచుతాయి. అక్కడ గాంధారం 138.6 పలుకుతుంది, తేడా 28.6. ఏ స్వరంతోనూ పొసగని ఆ తేడా మిగతావాటితో గుద్దుకుని గుడగుడలాడుతుంది. ఫజ్ లేకుండా వాయిస్తే ఈ చిన్న తప్పు చెవి సర్దుకుపోతుంది, ఫజ్ దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. వీణాయన గాంధారం తీగ బిరడాను వెంట్రుకవాసి వదులు చేశాడు. బురద తేరుకుంది. “ముందే తెలిస్తే వీణకు మల్లే దీని మెట్లూ మైనం మీద పెట్టించుకునేవాణ్ణి గదరా” అన్నాడు.

ఇంతలో రొయ్యల అన్న కిందికి దిగి, కారులోంచి థర్మాకోలు పెట్టె మోసుకొచ్చాడు. అడుగున పొడిచిన ఐసు. పెడల్‌ను నేరుగా పెట్టబోతే ఆపాం. ఈ సముద్రపు గాలికి చల్లటి లోహం మీద క్షణంలో చెమ్మ పడుతుంది, మజ్జిగ గ్లాసుకు పట్టినట్టే. పాలిథిన్ కవర్లో చుట్టి, వైర్లు బయటికి తీసి, మూత ఓరగా వేశాం. నాలుగు నిమిషాలకు తీగ మీటితే స్వరం మళ్లీ నిండుగా వచ్చింది. పది నిమిషాలకు మరీ చల్లబడి బిగుసుకుపోయింది. లీకేజీ తగ్గిపోతే ఉయ్యాల ఇంకో గోడ పక్కకు జరుగుతుంది కదా. మూత తీసి, కాసేపు ఆగి, మళ్లీ వేసి, చివరికి ఒక పిల్లోడిని మూత దగ్గర కూర్చోబెట్టాం. పెద్దాయన కళ్లతో సైగ చేస్తే వాడు జానెడు ఎత్తడం, దించడం. అలా పావుగంట పాటు వాయించిన వాయింపు మాత్రం, అబ్బ, సంక్రాంతి నాటిదానికి ఏం తీసిపోలేదు.

అప్పుడు అన్నకు ఫోను. ఇందుకూరుపేట దగ్గర గుంటలో పట్టుబడి మొదలెట్టారట, ఐసు కావాలి.

“సామీ, నీ పాటకంటే నా రొయ్యలు తొందరగా చెడిపోతాయి” అంటూ పెడల్ తీసి పెద్దాయన చేతిలో పెట్టి, పెట్టె చంకనేసుకుని మెట్లు దిగిపోయాడు. పెద్దాయన తడి కవరు తుడిచి, మూలనున్న సిలికాన్ ఫజ్‌కు జాక్ గుచ్చాడు.