తిమింగలాల మీద రీసెర్చ్ అంటే వాటిని చంపడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం కాకినాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయి మెరైన్ బయాలజీలో చేరతానంటోందట, ఇంట్లో ఒకటే గొడవ. "తిమింగలాల మీద రీసెర్చ్ అంటే చంపి కోయాలంట కదమ్మా, మా పిల్ల కోడిని కోస్తుంటేనే అటు చూడదు, ఇదేం చదువమ్మా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. జపాన్ ఓడ మీద పెద్ద అక్షరాలతో రీసెర్చ్ అని రాసుండి, పక్కన చచ్చిన తిమింగలం ఉన్న ఫోటో చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను ఆస్ట్రేలియాలో పదకొండేళ్ళుగా తిమింగలాల చర్మం శాంపిల్స్ నుంచి డీఎన్ఏ తీసే పని చేస్తున్నా, ఇంతవరకూ ఒక్కదాన్ని కూడా చంపలేదు.

అపోహ: చంపకుండా ఏమీ తెలుసుకోలేం.

ఇది విని విని విసుగొచ్చింది, ఎందుకంటే ఈ ఒక్క మాట నమ్మి మంచి పిల్లలు ఈ ఫీల్డ్‌కే దూరమైపోతున్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం, కుండంతా బోర్లించం కదా. మేం చిన్న బాణం లాంటి బయాప్సీ డార్ట్ కొడతాం, పెన్సిల్ వెనక రబ్బరంత ముక్క తీసుకుని అది నీళ్ళలో పడి తేలుతుంది, వలతో తీసుకుంటాం. ఆ ముక్కలో చర్మం నుంచి ఆడా మగా, ఏ గుంపుది, ఎవరి పిల్ల అన్నవి తెలుస్తాయి, కింద కొవ్వుంటే హార్మోన్ చూసి కడుపుతో ఉందో లేదో చెప్పొచ్చు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని హెర్వీ బేలో నేను మొదటిసారి డార్ట్ కొట్టినప్పుడు చేతులు వణికిపోయాయి, ఆ హంప్‌బ్యాక్ జాతి తిమింగలం తోక ఒక్కసారి విదిల్చి, మళ్ళీ తన పిల్ల పక్కకి వెళ్ళిపోయింది. ఆ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి గంటసేపు అదే చెప్పా.

వయసు సంగతి అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. తిమింగలం చెవిలో గుబిలి పొరలు పొరలుగా గట్టిపడుతుంది, చెట్టు మానులో వలయాల్లాగా ఆ పొరలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, దానికి చచ్చిన తిమింగలమే కావాలి, అది నిజం. కానీ 2014లోనే హంప్‌బ్యాక్ చర్మంలో డీఎన్ఏ మీద గుర్తులు చూసి సుమారు మూడేళ్ళు అటూ ఇటూగా వయసు చెప్పే పద్ధతి వచ్చింది. లెక్కపెట్టడానికైతే అసలు ముట్టుకోనే అక్కర్లేదు. ఇక్కడి టంగలూమా అనే తిమింగల వేట స్టేషన్ ఒక్కచోటే 1952 నుంచి 1962 దాకా ఆరు వేల పైన హంప్‌బ్యాక్‌లని కోశారు, తూర్పు ఆస్ట్రేలియా తీరంలో చివరికి కొన్ని వందలే మిగిలాయి, ఇప్పుడు పదుల వేలల్లో ఉన్నాయి. ఆ సంగతి తెలిసింది స్ట్రాడ్‌బ్రోక్ దీవిలో కొండ అంచున బైనాక్యులర్స్‌తో ఎండలో కూర్చుని లెక్కపెట్టిన వాళ్ళ వల్ల.

మరి చంపి ఏం సాధించారు? వ్యాపారం కోసం వేట ఆపాలన్న అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ నిర్ణయం 1986లో అమల్లోకి వచ్చింది, 1987 నుంచి అంటార్కిటిక్‌లో జపాన్ సైన్స్ పర్మిట్లు, అంటే పరిశోధన కోసం చంపొచ్చని ఆ ప్రభుత్వమే ఇచ్చే అనుమతులు, మొదలయ్యాయి, మొదటి ప్రోగ్రామ్‌లో 18 ఏళ్ళలో 6,700 పైగా మింకీ జాతి తిమింగలాలు పోయాయి. 2005లో రెండో ప్రోగ్రామ్, పేరు జార్పా 2. ఏటా 850 మింకీలు, 50 ఫిన్ జాతి తిమింగలాలు, 50 హంప్‌బ్యాక్‌లు తీసి వాటి మధ్య తిండి పోటీ చూస్తామన్నారు. ఏడు సీజన్లలో దొరికిన ఫిన్‌లు 18, హంప్‌బ్యాక్ ఒక్కటీ లేదు, అయినా ప్లాన్ మార్చలేదు. మూడు జాతుల పోటీ ఒక్క జాతితో ఎలా చూస్తారు? సుమారు 3,600 మింకీలు చంపాక ఆస్ట్రేలియా వేసిన కేసులో అంతర్జాతీయ కోర్టుకి చూపించగలిగిన పీర్ రివ్యూ పేపర్లు, అంటే వేరే శాస్త్రవేత్తలు పరిశీలించాక అచ్చయినవి, రెండు, అవి కూడా తొమ్మిది తిమింగలాల మీద. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది, మా పనికి ఉన్న పేరు వాడుకుని చేశారు ఇదంతా.

అపోహ: అంతర్జాతీయ కోర్టు సైన్స్ వేటని బ్యాన్ చేసింది.

లేదండీ, ఫార్వర్డ్ చేసే ముందు కాస్త చదవండి. 2014 మార్చి 31న 12-4తో ఇచ్చిన తీర్పు జార్పా 2 పర్మిట్ల గురించి మాత్రమే. సైన్స్ కోసం చంపడానికి పర్మిట్ ఇవ్వొచ్చని చెప్పే ఆర్టికల్ 8, 1946 తిమింగల వేట ఒప్పందంలో అలాగే ఉంది. మరుసటి ఏడాదే జపాన్ కొత్త ప్లాన్‌తో వెళ్ళి 333 మింకీలు చంపింది.

అపోహ: మాంసం అమ్మారు కాబట్టే అది అక్రమం. వేట వద్దనే మనవైపు వాళ్ళు చేసే తప్పు ఇది. చంపాక వృథా చేయకూడదని అదే ఆర్టికల్ చెప్తుంది, అమ్మినంత మాత్రాన సైన్స్ కాకుండా పోదని కోర్టు కూడా అంది. అసలు తప్పు జార్పా 2 ప్లాన్‌లోనే ఉంది.

అపోహ: జపాన్ ఒక్కటే. కాదు, 2003 నుంచి 2007 వరకు ఐస్‌లాండ్ కూడా సైన్స్ పేరుతోనే 200 మింకీలు చంపింది.

2019లో జపాన్ కమిషన్ నుంచి బయటికి వెళ్ళిపోయింది, అంటార్కిటిక్ వదిలేసి సొంత జలాల్లో వ్యాపారం అని చెప్పే వేటాడుతోంది, 2024లో ఫిన్‌లని కూడా కలిపింది. సైన్స్ పేరైతే తీసేశారు కదా, సంతోషమేనా అని ఒక జూనియర్ అడిగింది. మా పేరు దాని మీద లేనందుకు కాస్త ఊపిరి పీల్చుకున్నా, ఫిన్‌ల వార్త చూసిన రోజు మాత్రం ల్యాబ్‌లో పని చేయలేకపోయా.

కాకినాడ ఆయనకి ఇదంతా చెప్పలేదు, నేను డార్ట్ కొట్టిన రోజు వీడియో పంపా. రాత్రికి వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది, "అక్కా, నాన్న మూడుసార్లు చూశారు, ఫీజు ఎంతని అడుగుతున్నారు" అని.