సుద్దముక్క చేతికొస్తే

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో ఒకటే ఫిర్యాదు చేశారు. నిరుడు మీతో కలిసి అల్లరి చేసినవాడే ఇప్పుడు క్లాసు లీడరై, మాట్లాడితే చాలు, మీ పేర్లు బోర్డు మీద రాస్తున్నాడని. వాడి బుద్ధే అంత అని తేల్చేశారు. నాకైతే తప్పు కాస్త సుద్దముక్కదీ అనిపిస్తోంది.

1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, లాటరీ పద్ధతిలో ఒకరిని ప్రశ్నలడగమన్నారు, రెండోవారిని జవాబులు చెప్పమన్నారు. అడిగేవారు తమకు బాగా తెలిసిన విషయాల్లోంచే పది కష్టమైన ప్రశ్నలు ఏరుకున్నారు. జవాబిచ్చేవారు సగటున నాలుగు చెప్పగలిగారు. చివరికి చూసినవాళ్లే కాదు, జవాబులు తడుముకున్నవాళ్లు కూడా అడిగినవారికే ఎక్కువ తెలుసన్నారు! కుర్చీలు మార్చి ఉంటే ఆ మాటా తారుమారయ్యేది.

అలాగని స్వభావం ఉత్తదేం కాదు. కలుపుగోలుతనం, బాధ్యత, సర్దుబాటు, ఆందోళన, కొత్తవాటిపై ఆసక్తి అంటూ శాస్త్రవేత్తలు ఐదు కొలతలు పెట్టుకున్నారు. ఇరవై దాటాక చాలామందిలో బాధ్యత పెరుగుతుంది. ఉద్యోగం, సంసారం నెత్తిన పడటం వల్లేనని కొందరు, వయసుతో అదే వస్తుందని ఇంకొందరు. నన్నడిగితే రెండూ ఉన్నాయి.

మన భాషలో 'పాత్ర' అంటే గిన్నె, నాటకంలో వేషం కూడా. నీళ్లు గిన్నె ఆకారం తెచ్చుకుంటాయి, బయట పోస్తే మళ్లీ మామూలే. మనిషి అంత తేలిగ్గా ఒలికిపోడు. నేను చిన్నప్పుడు నలుగురిలో నోరు విప్పేవాణ్ణి కాదు. పాఠం చెప్పిన మొదటి రోజు వేళ్ల మధ్య సుద్దముక్క పుటుక్కున విరిగింది. ముప్ఫై ఏళ్లు పంతులుగిరీ చేశాక గొంతు పెద్దదైంది కానీ, జనంలోకి వెళ్తే నా కళ్లు ఇప్పటికీ మూలనున్న కుర్చీనే వెతుకుతాయి. ఇంట్లో ఎవరైనా నా మాట వినకపోతే మాత్రం చెయ్యి దానంతటదే బల్ల మీద టకటకమంటుంది. "బడి వదిలేశారు, ఇక చాలు" అంటుంది మీ నాన్నమ్మ.

లీడరు మారాక వాడు మళ్లీ మీ బెంచీకి వచ్చి కూర్చున్నాడో లేదో చూసి రాయండి. ఈలోగా ఆ సుద్దముక్క మీ చేతికే వస్తే, బోర్డు మీద మొదట ఎవరి పేరు రాశారో అదీ రాయండి.

మీ తాతయ్య