లారీ డ్రైవరుకు వర్తించే చట్టం, వర్తించని చట్టం

2024 జనవరి 2న హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు వాహనాల వరుసలు వీధి మలుపులు దాటిపోయాయి. ట్యాంకరు డ్రైవర్లు బండ్లు ఆపేశారన్న వార్త వినగానే జనం ట్యాంకులు నింపుకోవడానికి ఎగబడ్డారు. ఇళ్లకు భోజనం చేరవేసే యువకుడొకడు చంచల్‌గూడలో గుర్రం మీద వెళ్తున్న దృశ్యం ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది. చూసి నవ్వుకున్నవారిలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. డ్రైవర్లు వద్దంటున్న ‘హిట్ అండ్ రన్’ నిబంధన లారీల కోసం ప్రత్యేకంగా పెట్టింది కాదు. స్కూటరు మీద వెళ్లేవారికీ, కారు నడిపేవారికీ వర్తించేలానే దాన్ని రాశారు. మరి రోడ్డెక్కింది లారీ డ్రైవర్లే ఎందుకు?

ముందు ఆ నిబంధన సంగతి. భారత శిక్షాస్మృతి 1860లో తయారైనప్పుడు, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడానికి అందులో విడిగా సెక్షన్ లేదు. 1870లో 304ఎ చేర్చారు. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అప్పటికి మన దారుల మీద మోటారు బండే లేదు. ఎడ్లబళ్ల కాలంలో రాసిన ఆ రెండేళ్లే పద్నాలుగు చక్రాల లారీల కాలం దాకా నడిచాయి. శిక్షాస్మృతి స్థానంలో 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన భారతీయ న్యాయ సంహిత దాన్ని 106వ సెక్షన్‌గా మార్చింది. మొదటి ఉపవిభాగం ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు జైలు. రెండో ఉపవిభాగం ప్రకారం, బండి నడుపుతూ ఒకరి మరణానికి కారణమై, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ వెంటనే తెలియజేయకుండా తప్పించుకుపోతే పదేళ్ల వరకు జైలు, జరిమానా.

చదివితే న్యాయంగానే ఉంది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని వదిలి పారిపోయినవాణ్ణి ఎవరు సమర్థిస్తారు? కానీ ప్రమాద స్థలంలో నిలబడటం అందరికీ ఒకే రకంగా ఉండదు. పెద్ద బండిదే తప్పు అన్నది మన రోడ్ల మీద ఎవరూ రాయని చట్టం. తప్పు ఎవరిదో తేలకముందే డ్రైవరు మీద చేతులు పడతాయి. ఇది డ్రైవర్లు చెప్పుకునే సాకు మాత్రమే కాదు, చట్టమే ఒప్పుకున్న నిజం. ప్రమాదం జరిగితే గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత డ్రైవరుదే అంటుంది మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్. ఆ వెంటనే, మూక ఆగ్రహం వల్ల సాధ్యం కానప్పుడు తప్ప, అని మినహాయిస్తుంది. ఒక శాసనం తన పౌరుల కోపాన్ని ఇంత బాహాటంగా లెక్కలోకి తీసుకోవడం అరుదు. కొత్త 106(2)లో ఆ మినహాయింపు ప్రస్తావనే లేదు. దూరంగా వెళ్లి ఫోను చేసి చెప్పినా చాలుననే వాదన ఉంది. ఊరూ పేరూ తెలియని రాష్ట్రంలో, భాష రాని చోట, అర్ధరాత్రి ఆ ఫోను ఎవరికి చేయాలన్నది డ్రైవరు ప్రశ్న.

నిజానికి లారీ డ్రైవరును చట్టం మొదటి నుంచీ వేరుగానే చూసింది. 1988 నాటి ఆ మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు నడపడానికి పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, రవాణా వాహనానికి ఇరవై నిండాలి. ముందుగా ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండాలి. వైద్యుడి ధ్రువపత్రం కావాలి. నలభై లోపు వయసున్న కారు యజమాని తన ఆరోగ్యం గురించి తానే రాసిచ్చుకుంటే సరిపోతుంది. సొంత బండి లైసెన్సు ఏళ్ల తరబడి చెల్లుతుంటే, రవాణా లైసెన్సును మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సి వచ్చేది. 2019 సవరణతో అది ఐదేళ్లయింది. 2018లో కేంద్రం ఎక్స్‌ప్రెస్‌వేలపై కార్లకు గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించి, సరకు వాహనాలను 80 దగ్గరే ఆపింది. ఇరవై ముప్పై టన్నుల బరువుతో వచ్చే బండి ఆగడానికి ఎంత దూరం కావాలో తెలిసినవారెవరూ ఈ తేడాలను తప్పు పట్టరు. అమెరికాలో మద్యం పరిమితి కూడా వేరు. చాలా రాష్ట్రాల్లో కారు డ్రైవరుకు రక్తంలో 0.08 శాతం హద్దయితే, భారీ వాహనం నడిపేవారికి 0.04 మాత్రమే. మన దగ్గర అందరికీ ఒకటే: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు.

నా అభ్యంతరం మరొక చోట. డ్రైవరును కట్టడి చేసే నిబంధనలు చెక్‌పోస్టు దగ్గరా, బ్రేక్ ఇన్‌స్పెక్టరు చేతిలోనూ గట్టిగానే పనిచేశాయి. అతణ్ణి కాపాడాల్సినవి కాగితం దాటలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అంది. ఐదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి తప్పనిసరి చేసింది. అయితే 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలతో బతికే యజమానులే ఎక్కువగా ఉన్న వ్యాపారంలో దాని నీడ ఎవరి మీద పడింది? రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన ఒకటుండేది. దాన్ని 2018లో ఎత్తేశారు. రవాణా యజమానులకు ఖర్చు తగ్గింది. రెండో సీటులో నిద్రపోయే మనిషి పోయాడు, మొదటి సీటులోని మనిషికి నిద్ర పోయింది. సమయానికి లోడు దిగకపోతే కిరాయిలో కోత పడుతుంది, అది చివరికి డ్రైవరు బత్తా దాకా వస్తుంది.

సొంత కార్లవారి కథ మరోలా నడిచింది. 1999 జనవరిలో ఢిల్లీలో ఒక బీఎండబ్ల్యూ కారు ముగ్గురు పోలీసులతో సహా ఆరుగురి ప్రాణం తీసి ఆగకుండా వెళ్లిపోయింది. పదమూడేళ్ల తరువాత, 2012లో సుప్రీంకోర్టు అది 304ఎ కంటే తీవ్రమైన నేరమేనని తేల్చింది. శిక్ష మాత్రం అప్పటికే అనుభవించిన రెండేళ్లతో సరిపెట్టి, యాభై లక్షల రూపాయలు కట్టమని, సమాజసేవ చేయమని చెప్పింది. యాభై లక్షలు లారీ డ్రైవరుకు ఏ లెక్కలోనూ అందే అంకె కాదు.

2023 డిసెంబరులోనే పార్లమెంటులో మరొకటి జరిగింది. 106(1)లో ఐదేళ్ల శిక్ష నుంచి వైద్యులకు వెసులుబాటు దొరికింది. వైద్యం చేస్తూ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే గరిష్ఠంగా రెండేళ్లే. వృత్తిలోని ప్రమాదాన్ని గుర్తించిన సవరణ అది, తప్పనను. ప్రాణాల మీదకు వచ్చే వృత్తి మరొకటి కూడా ఉందని ఆ సభలో గుర్తుచేసే గొంతు డ్రైవర్లకు లేదు. వారి గొంతు రహదారి మీదే వినిపించింది.

సమ్మె రెండో రోజు సాయంత్రం కేంద్ర హోంశాఖ కార్యదర్శి రవాణాదారుల సంఘం ప్రతినిధులతో కూర్చున్నారు. వారితో సంప్రదించాకే 106(2) అమలుపై నిర్ణయం తీసుకుంటామన్నారు. ఫిబ్రవరిలో వెలువడిన ప్రకటన కొత్త సంహితకు జూలై 1ని ముహూర్తంగా పెట్టి, ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన ఉంచింది. లారీలు కదిలాయి, గెలిచామనుకున్నారు. 106(1) మాత్రం ఎవరూ ఆపలేదు. 2024 జూలై 1 నుంచి, పారిపోకుండా అక్కడే నిలబడిన డ్రైవరుకు కూడా పాత రెండేళ్ల స్థానంలో ఐదేళ్లు.