సెప్టెంబర్ 26న పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, విడుదలైన పాటలు

ప్రియమైన పిల్లలకు,

"చరిత్రలో ఈ రోజు" అనే పేరుతో వచ్చే జాబితాలు మీరు చూసే ఉంటారు. ఫలానా ఏడాది ఫలానా గాయకుడు పుట్టాడు, ఫలానా ఆల్బమ్ విడుదలైంది, ఫలానా వాద్యకారుడు కన్నుమూశాడు. మనిషికి ఒక్క వాక్యం, అంతే. క్విజ్ పోటీలకు పనికొస్తాయని వాటిని బట్టీ పట్టేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ జాబితాలంటే ఇష్టమే గానీ వాటి మీద ఒక ఫిర్యాదు ఉంది. పుట్టుకను, చావును, విడుదలను అవి ఒకే వరసలో, ఒకే పొడవు వాక్యాల్లో కూర్చోబెడతాయి. ఆ మూడూ మూడు వేరు వేరు సంగతులు. వాటిని ఒకేలా నమ్మకూడదు. ఎందుకో చెప్పడానికి సెప్టెంబర్ 26ను ఎంచుకున్నాను.

ఆ తేదీకి ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. ఫిబ్రవరి 29తో కలిపినా ఏడాదికి ఉన్నవి 366 తేదీలు, పేరున్న సంగీతకారులు వేలల్లో ఉన్నారు. ఏ తేదీ తీసుకున్నా బోలెడు పేర్లు దొరుకుతాయి. ఫలానా రోజున పుట్టినవాళ్లకు సంగీతం అబ్బుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నాకు ఈ తేదీ నచ్చడానికి కారణం వేరు. బతికుండగా ఒకరినొకరు కలుసుకోని మనుషులు ఇందులో పక్కపక్కన నిలబడ్డారు.

1898 సెప్టెంబర్ 26న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ పుట్టారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. మొదట పెట్టిన పేరు జేకబ్. పియానో ఇంట్లోకి వచ్చింది అన్న ఐరా కోసం. కానీ దాని ముందు కూర్చుని వాయించినవాడు తమ్ముడు. పదిహేనేళ్ల వయసులో బడి మానేసి, పాటల స్వరపత్రాలు అచ్చువేసి అమ్మే ఒక సంస్థలో వారానికి 15 డాలర్ల జీతానికి చేరాడు. కొత్త పాటలను రోజంతా పియానో మీద వాయిస్తూ, వచ్చిన గాయకులకు అవి నచ్చేలా చేయడమే ఉద్యోగం. ఒకరకంగా పాటల సేల్స్‌మన్ అన్నమాట. 1924 ఫిబ్రవరి 12న ఆయన "రాప్సొడీ ఇన్ బ్లూ" అనే రచనను న్యూయార్క్‌లో తొలిసారి వినిపించారు. కింది నుంచి పైకి జారుతూ పోయే క్లారినెట్ కూతతో అది మొదలవుతుంది. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ కూత విని రండి, నేను ఆగుతాను. అన్న ఐరా కూడా తక్కువవాడు కాదు, తమ్ముడి బాణీలకు ఎన్నో పాటలు రాశారు.

ఇప్పుడు ఆలోచించండి. 1898లో ఆ రోజున సంగీతపరంగా జరిగిందేమిటి? ఏమీ లేదు. ఒక పసివాడు ఏడ్చాడు. ఆ రోజు ముఖ్యమైనదని ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత మనం వెనక్కి తిరిగి చూసి నిర్ణయించాం. పుట్టిన తేదీలలో తప్పులు దొర్లేదీ అందుకే. పెద్దవాడవుతాడో లేదో తెలియని బిడ్డ గురించి ఎవరు శ్రద్ధగా రాసి పెడతారు? జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జులై 4న పుట్టానని జీవితాంతం చెప్పుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య దినం, కొత్త శతాబ్దం, రెండూ కలిసొచ్చిన గొప్ప తేదీ అది. ఆయన పోయాక 1980లలో బాప్టిజం రికార్డు బయటపడింది. అసలు తేదీ 1901 ఆగస్టు 4. జర్మన్ స్వరకర్త బీతోవెన్‌కు 1770 డిసెంబర్ 17న బాప్టిజం జరిగిందని మాత్రమే కాగితం ఉంది. పుట్టింది 16న అయి ఉంటుందని ఊహిస్తారు, అంతకుమించి ఆధారం లేదు. మరో జర్మన్ స్వరకర్త బాఖ్‌ది ఇంకో చిక్కు. 1685లో ఆయన పుట్టిన ఊళ్లో పాత జూలియన్ కేలండర్ నడుస్తోంది. దాని ప్రకారం మార్చి 21. మనం ఇప్పుడు వాడే గ్రెగోరియన్ లెక్కలో అదే రోజు మార్చి 31. కాబట్టి ఒక జాబితాలో 21న, మరొక జాబితాలో 31న ఆయన కనిపిస్తే ఇద్దరు బాఖ్‌లు ఉన్నారని కంగారు పడవద్దు. మన త్యాగరాజస్వామి సంగతి చూడండి. ఆయన 1847 జనవరి 6న సిద్ధి పొందారు. కానీ మనం తలుచుకునేది పుష్య బహుళ పంచమి నాడు. అది ఇంగ్లీషు తేదీకి కట్టుబడి ఉండదు, ప్రతి ఏడూ మారుతూ ఉంటుంది. తేదీల జాబితా చేసేవాడికి అలాంటి వాగ్గేయకారులతో తలనొప్పే.

ఇక మరణాలు. గెర్ష్విన్ 1937 జులై 11న మెదడులో కణితితో మరణించారు. వయసు 38 ఏళ్లే. ఆయన లేకుండా వచ్చిన మొదటి పుట్టినరోజు, అంటే 1937 సెప్టెంబర్ 26 తెల్లవారుజామున, మిసిసిపీ రాష్ట్రంలో 61వ నంబరు రహదారి మీద ఒక కారు లారీని ఢీకొంది. అందులో ఉన్నది బెస్సీ స్మిత్. బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల శైలి) సామ్రాజ్ఞి అని పేరు తెచ్చుకున్న నల్లజాతి గాయని. 1923లో ఆమె తొలి రికార్డు వచ్చినప్పుడు అది విపరీతంగా అమ్ముడుపోయింది. మైకు లేని రోజుల్లో హాలు చివరి వరస దాకా వినిపించే గొంతు. 1925లో ఆమె పాడిన ఒక పాటలో వెనుక కార్నెట్ అనే బాకా వాయించింది పైన చెప్పిన ఆర్మ్‌స్ట్రాంగే. ఆ రోజు ఆమెను క్లార్క్స్‌డేల్‌లోని నల్లజాతివారి ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడే ప్రాణం పోయింది.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ మరణం గురించి తప్పు కథ దశాబ్దాల పాటు తిరిగింది. తెల్లజాతివారి ఆసుపత్రి ఆమెను చేర్చుకోలేదని, అందువల్లే రక్తం పోయి చనిపోయిందని ఒక సంగీత పత్రికలో వచ్చింది. రాసినవాడు ఆమెకు శత్రువు కాడు. జాన్ హామండ్ అనే రికార్డు నిర్మాత, 1933లో ఆమె చివరి రికార్డింగులు చేయించినవాడు. విన్నది విన్నట్టు రాసేశాడు. దాని మీద తరువాత ఒక నాటకం కూడా వచ్చింది. కానీ ప్రమాద స్థలానికి మొదట చేరుకున్న డాక్టరు చెప్పిన వివరాలను బట్టి, ఆమెను నేరుగా నల్లజాతివారి ఆసుపత్రికే తీసుకెళ్లారని తేలింది. ఆ ప్రాంతంలో ఆ రోజుల్లో ఆమెను తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్లాలనే ఆలోచన కూడా అంబులెన్సు డ్రైవర్లకు వచ్చేది కాదని ఆ డాక్టరే అన్నాడు. చూశారా, కథ తప్పయినా దాని వెనుక ఉన్న అన్యాయం అబద్ధం కాదు. పుట్టుక గురించి ఎవరూ రాయకపోవడం వల్ల తప్పులు వస్తాయి, చావు గురించి అందరూ రాయడం వల్ల వస్తాయి. అన్నట్టు బెస్సీ పుట్టిన సంవత్సరం మీద కూడా ఏకాభిప్రాయం లేదు. 1900 జనాభా లెక్కల్లో 1892 అని ఉంది, తరువాతి కాగితాల్లో 1894 అని ఉంది.

ఆమె సమాధికి 1970 దాకా పేరు చెక్కిన రాయి లేదు. ఆ ఏడాది ఆగస్టులో, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్, రాక్ గాయని జానిస్ జాప్లిన్ కలిసి డబ్బు పెట్టి రాయి వేయించారు. రెండు నెలలు తిరక్కుండానే జాప్లిన్ కూడా పోయారు. ఆమె పేరు అక్టోబర్ 4 జాబితాలో ఉంటుంది.

1945 సెప్టెంబర్ 26న న్యూయార్క్ ఆసుపత్రిలో బేలా బార్టోక్ మరణించారు. హంగరీ స్వరకర్త. యౌవనంలో మైనపు సిలిండర్ల మీద ధ్వని ముద్రించే ఫోనోగ్రాఫ్‌ను మోసుకుంటూ పల్లెలు తిరిగారు. రైతుల పాటలను వేల సంఖ్యలో సేకరించారు. హంగరీతో ఆగకుండా రుమేనియన్, స్లొవాక్ పాటలు, అల్జీరియా, టర్కీ దాకా వెళ్లి అక్కడివారి పాటలు కూడా. నాజీల నీడ పడటంతో 1940లో అమెరికా చేరారు. అక్కడ డబ్బుకు కటకట, ఆపైన లుకేమియా అనే రక్త క్యాన్సర్. 1943లో బోస్టన్ ఆర్కెస్ట్రా సారథి కుసెవిట్స్కీ ఆసుపత్రి గదికే వచ్చి కొత్త రచన కావాలని అడిగారు. దానితో మళ్లీ కలం కదిలింది. (అదే ఆర్కెస్ట్రాకు 1949 నుంచి సారథ్యం వహించిన షార్ల్ మ్యూన్ష్ పుట్టినరోజు కూడా సెప్టెంబర్ 26. ఇది కేవలం కాకతాళీయం, కానీ ఇలాంటివి చూస్తే నాకు సరదా.)

బార్టోక్ చివరి రోజుల గురించి చెబితేనే ఆయన గురించి చెప్పినట్టు. భార్య డిట్టా పియానో వాయిద్యకారిణి. ఆమె పుట్టినరోజు అక్టోబర్ 31. దానికి కానుకగా మూడో పియానో కాన్సర్టోను (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) రహస్యంగా రాస్తున్నారు. తాను పోయాక ఆమె దాన్ని కచేరీల్లో వాయించుకుంటే బతుకుతెరువు ఉంటుందన్న ఆలోచన కూడా ఉండే ఉంటుంది. మొత్తం పూర్తయింది, ఆఖరి 17 బార్లకు (మన తాళంలో ఆవర్తాల లాంటివి) వాద్యబృంద స్వరాలు రాయడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఆయన శిష్యుడు టిబోర్ షెర్లీ చేశారు. జాబితాలో ఇదంతా ఎక్కడుంది? "1945: బేలా బార్టోక్ మరణం." అంతే ఉంటుంది.

సరిగ్గా అదే రోజు, అదే 1945లో, ఇంగ్లండులోని ఒక బొగ్గుగనుల ప్రాంతంలో బ్రయాన్ ఫెర్రీ పుట్టారు. గనిలో బండ్లు లాగే పొట్టి గుర్రాల సంరక్షణ చూసే ఆయన కొడుకు. పెరిగి పెద్దయి రాక్సీ మ్యూజిక్ అనే బృందంతో పేరు పొందారు. 1948లో ఇదే తేదీన కేంబ్రిడ్జ్‌లో ఒలీవియా న్యూటన్-జాన్ పుట్టారు. ఆమె తాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మాక్స్ బార్న్. క్వాంటం సిద్ధాంతానికి పునాదులు వేసినవారిలో ఒకరి మనుమరాలు 1981లో పాడిన పాట అమెరికాలో పది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

మూడోది విడుదల. బాఖ్‌కు విడుదల తేదీ అంటే ఏమిటో తెలియదు. ఆదివారం చర్చిలో పాడటానికి ఆ వారంలో రాసేవారు, అంతే. రికార్డులు అమ్మే వ్యాపారం వచ్చాక పుట్టిన మాట ఇది. అందుకే విడుదల తేదీని సంగీతం పుట్టిన తేదీగా పొరబడకూడదు. 1957 సెప్టెంబర్ 26న లెనార్డ్ బెర్న్‌స్టయిన్ స్వరపరిచిన "వెస్ట్ సైడ్ స్టోరీ" సంగీత నాటకం న్యూయార్క్‌లోని నాటకశాలల ప్రాంతం బ్రాడ్‌వేలో మొదలైందని జాబితా చెబుతుంది. నిజమే, 732 ప్రదర్శనలు జరిగింది. కానీ అంతకు నెల ముందే వాషింగ్టన్‌లో జనం చూసేశారు. జాబితా లెక్కలోకి తీసుకున్నది బ్రాడ్‌వే తలుపును.

బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ బృందం ఆల్బమ్ "అబీ రోడ్" ఇంకా మంచి ఉదాహరణ. 1969 సెప్టెంబర్ 26, శుక్రవారం, బ్రిటన్‌లో విడుదలైంది. అమెరికాలో అక్టోబర్ 1న. కాబట్టి అమెరికా జాబితాలో ఈ తేదీ కింద అది కనిపించకపోయినా తప్పు కాదు. ఇప్పుడు చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు ఒకేసారి శుక్రవారం వస్తాయి. ఆ పద్ధతి మొదలైంది 2015 జులైలో. అంతకుముందు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం విడుదల చేసేవారు. సరే, "అబీ రోడ్" దుకాణాలకు వచ్చేనాటికి దాన్ని చేసిన బృందం దాదాపు లేదు. నలుగురూ కలిసి స్టూడియోలో చివరిసారి ఉన్నది ఆగస్టు 20న. సెప్టెంబర్ 20న జాన్ లెనన్ తాను వెళ్లిపోతున్నానని మిగతావాళ్లకు చెప్పేశారు. ఆ కబురు బయటకు పొక్కకుండా ఆపారు. వారం తిరగకుండా జనం కొత్త ఆల్బమ్ కొనుక్కుని, రోడ్డు దాటుతున్న నలుగురి బొమ్మ చూసుకుని మురిసిపోయారు. మరుసటి ఏడాది మే నెలలో వచ్చిన "లెట్ ఇట్ బి" చివరి ఆల్బమ్ అని చాలామంది అంటారు. విడుదల తేదీ ప్రకారం ఆ మాట సరే, కానీ అందులోని పాటల్లో ఎక్కువ భాగం 1969 జనవరిలో, అంటే "అబీ రోడ్" కంటే ముందు రికార్డు చేసినవి.

1989లో ఇదే తేదీన కోల్‌కతాలో హేమంత్ కుమార్ వెళ్లిపోయారు. రవీంద్ర సంగీతాన్ని ఇంటింటికీ చేర్చిన గొంతు, హిందీ సినిమాకు స్వరకర్త. 1954 నాటి "నాగిన్" సినిమాలో పామును ఆడించే ఆ నాగస్వరం ఉందే, అది నాగస్వరం కాదు. క్లావియొలిన్ అనే చిన్న విద్యుత్ కీబోర్డు. వాయించింది, తరువాత తానూ పెద్ద సంగీత దర్శకుడైన కల్యాణ్‌జీ.

మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఈ జాబితాలో ఉండరు. ఆయన 2020 సెప్టెంబర్ 25న పోయారు. 26న జరిగినవి అంత్యక్రియలు. ఎంతమంది కన్నీళ్లు పెట్టుకున్నా అంత్యక్రియలకు ఇలాంటి జాబితాల్లో చోటుండదు. అది కూడా జాబితా చేసేవాడి నిర్ణయమే.

మీ మీ పుట్టినరోజుల జాబితాలు వెతికి, అందులో ఒక్క పేరు ఎంచుకుని, ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కాగితం మీద ఉందో కనుక్కుని నాకు రాయండి. మీలో ఎవరైనా డిసెంబర్ 16న పుట్టి ఉంటే బీతోవెన్‌ను మీ జట్టులో కలుపుకోవచ్చా లేదా అన్నది కూడా వాదనతో సహా రాయండి.

మీ
తాతయ్య